ముగ్గు పోసే ముందు

మే నెల మొదటి వారంలో, నాగార్జునసాగర్ పక్కనున్న మన విజయపురి సౌత్‌లో మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఒక కర్ర నిలువుగా పాతితే దానికి నీడ పడని రోజు ఒకటి వస్తుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజు దాటిన తరువాత ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం పక్కన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆగస్టులో మళ్లీ ఒకసారి నడినెత్తిన నిలిచి దక్షిణానికి మళ్లుతాడు. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల మీద ఉండటం వల్ల ఇది జరుగుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకోబోయేవాళ్లు ఎన్ని పడకగదులు, ఎంత పెద్ద హాలు అని అడగటానికి ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదే. మన ఇంటికి ఎండ ఏ నెలలో, ఏ గంటకు, ఏ గోడ మీద పడుతుంది?

ఇల్లు కట్టుకోవాలని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ రోజుల్లో చాలామంది ఫోన్‌లో ఒక ఫోటో చూపిస్తారు. ముందువైపు పెద్ద పెద్ద అద్దాలు, నల్లటి గ్రానైటు పట్టీలు, పడమటి వైపు విశాలమైన కిటికీ. చూడటానికి బాగుంటుంది. కాని ఆ ఇల్లు ఏ చల్లని ఊళ్లోనో కట్టింది. వేసవి వచ్చిందంటే ఎండల వార్తల్లో రెంటచింతల పేరు వినబడే పల్నాడు మనది. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ దాకా నేలంతా రాయి. పగలంతా కాగిన ఆ రాయి రాత్రి కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. ఫోటోలోని ఇంటిని తెచ్చి ఇక్కడ నిలబెడితే దానికి ఏసీ ఖర్చు కట్టడమే సరిపోతుంది. నా మాట ఒక్కటే. ఇల్లు ఈ ఊరి ఎండకు కొలిచి గీయాలి, అందులో ఉండబోయే మనుషులకు కొలిచి గీయాలి. ఎలివేషన్ సంగతి ఆ తరువాత.

మన ఊళ్లో ఇళ్ల ప్లాను కొత్త విషయం కాదు. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు తమ రాజధాని విజయపురిని ఈ కృష్ణ ఒడ్డునే కట్టారు. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క నది. ఊరికి స్థలం ఎంచుకోవడంలోనే సగం ప్లాను ఉంది. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండితే పాత విజయపురి ఉన్న లోయ మునిగిపోతుంది కాబట్టి, దానికి ఏడాది ముందు, 1954లోనే పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా సాగించింది. స్తూపాలు, విహారాలు, అశ్వమేధం చేసిన చోటు, రంగస్థలం, వీటిని గురించి చాలామంది వినే ఉంటారు. నా వృత్తి ఇళ్లది కనుక నా మనసు ఆ తవ్వకాల్లో బయటపడ్డ మామూలు ఇళ్ల మీదికి పోతుంది. వీధులు, సందులు, వరసగా గదులు, మట్టితో పేర్చిన రాతి గోడలు. ఒక ఇంట్లో కంసాలి పనిముట్లు దొరికాయి. బంగారం కరిగించే మూస, గీటురాయి, నగలు పోసే అచ్చులు. ఆ కంసాలి ఇల్లే ఆయన దుకాణం, దుకాణమే ఇల్లు. ఆయన ఇంట్లో బతుకుదెరువుకు చోటుంది. ఇప్పుడు మనం గీసుకుంటున్న ప్లానుల్లో ఆ చోటే మొదట మాయమవుతోంది.

ఆ విహారాల అమరిక చూడాలంటే దూరం పోనక్కర్లేదు. అనుపు దగ్గర కొన్నిటిని రాయి రాయీ తెచ్చి మళ్లీ పేర్చారు. లాంచీ ఎక్కి నాగార్జునకొండ ద్వీపానికి పోతే 1966లో తెరిచిన మ్యూజియం, దాని పక్కన మరికొన్ని కట్టడాలు ఉన్నాయి. విహారం ప్లాను తేలికైనది. మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ చిన్న చిన్న గదులు, ప్రతి గది తలుపూ ఆ మధ్య చోటు వైపే. గదికి బయటి గోడలు తక్కువ, కాబట్టి ఎండ తగిలే మేర తక్కువ. మన మండువా ఇల్లూ ఇదే పద్ధతి. ఐదు సెంట్ల స్థలంలో మండువా కుదరదని అంటారు. పూర్తి మండువా కుదరకపోవచ్చు గాని, ఇంటి నడుమ ఆరడుగులకు ఎనిమిదడుగుల చోటు పైదాకా తెరిచి, పైన ఇనప ఊచలు వేసి వదిలితే లోపలి గదులకు పగలు లైటు వెయ్యాల్సిన పని ఉండదు, వేడి గాలి పైకి పోయే దారి ఉంటుంది. దాని కింద వాననీరు పోవటానికి గచ్చు వాలు, కాలువ మాత్రం మొదటే గీసుకోవాలి.

ఇక ఎండ లెక్కలోకి వస్తాను. ఇది కొంచెం ఓపిగ్గా వినండి.

మనవాళ్లకు దక్షిణపు ఎండ అంటే భయం. నిజానికి దక్షిణపు గోడను కాపాడుకోవడం చాలా సులువు. డిసెంబరు నెలాఖరులో, అంటే సూర్యుడు బాగా దక్షిణానికి దిగినప్పుడు కూడా, మిట్టమధ్యాహ్నం ఇక్కడ యాభై డిగ్రీల ఎత్తున ఉంటాడు. నాలుగడుగుల కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ వేస్తే కిటికీలో పై సగానికి మించి నీడే ఉంటుంది. కింది భాగంలోంచి వచ్చే కాస్త ఎండ చలికాలపు ఎండ, వస్తే మంచిదే. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి వెళ్లిపోతాడు కాబట్టి దక్షిణపు కిటికీకి ఆ ఎండే తగలదు.

పడమటి గోడ సంగతి వేరు. వేసవిలో సాయంత్రం ఐదు గంటలప్పుడు సూర్యుడు కిందికి దిగి సూటిగా గోడను చూస్తుంటాడు. అదే రెండడుగుల సన్‌షేడ్ పడమటి కిటికీ మీద ఉంటే పై అడుగుకు మాత్రం నీడ పడుతుంది. మిగతా మూడడుగులూ ఎండే. సన్‌షేడ్ నాలుగడుగులకు పెంచినా లాభం అంతంతమాత్రం. పైగా వేసవిలో సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించడు, వాయవ్యం వైపు జరిగి దిగుతాడు. కాబట్టి వాయవ్యపు గదికి కూడా సాయంత్రం వేడి తప్పదు. ఇటుక గోడ ఆ వేడిని వెంటనే లోపలికి వదలదు. మధ్యాహ్నం తాగినదంతా కొన్ని గంటల తరువాత, సరిగ్గా మనం పడుకునే వేళకు, గదిలో కక్కుతుంది. రాత్రి పదింటికి గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది అందుకే.

ఇప్పుడు వాస్తు మాట. పెద్దపడకగది నైరుతిలో ఉండాలని అందరూ కోరతారు. నైరుతి గదికి దక్షిణం, పడమర రెండూ బయటి గోడలే, పైన స్లాబు. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కే గది అదే. అలాగని వాస్తు నమ్మే ఇంటివాళ్లతో నేను వాదం పెట్టుకోను. గది అక్కడే ఉంచి దానికి గొడుగు పట్టవచ్చు. మెట్లు దక్షిణం వైపో పడమర వైపో ఉండటానికి వాస్తు కూడా అభ్యంతరం చెప్పదు. కాబట్టి మెట్లను పడమటి గోడకు బయట ఆనించి వెయ్యండి. మెట్లే గోడకు నీడ. బాత్‌రూము, బట్టల అలమర పడమటి గోడ వెంబడి పెట్టండి. అప్పుడు మంచానికీ ఎండ గోడకూ మధ్య నాలుగైదు అడుగుల అడ్డం ఉంటుంది. పైన ట్యాంకు నైరుతిలోనే ఉండాలంటారు, అదీ మంచిదే, ఆ గది స్లాబు మీద కొంత నీడ. స్థలం పడమటి ముఖంది అయితే ఐదడుగుల వసారా తప్పనిసరి. వసారా కుదరదంటే కానుగ మొక్క నాటండి. పడమటి గోడకు ఓ పదిహేను అడుగుల దూరంలో కానుగో వేపో ఉంటే, కొన్నేళ్లకు అది చేసే మేలు ఏ పెయింటూ చెయ్యదు. ఇంటి ప్లాను కాగితం మీద చెట్టు కూడా ఒక గదిలా గీసి ఉండాలి. స్థలంలో పాత వేపచెట్టు ఉంటే దాన్ని కొట్టేసి ఇల్లు గీయడం నాకు ఎంత బాధో చెప్పలేను.

గోడలకంటే పెద్ద పొయ్యి మన నెత్తిమీద ఉంది. స్లాబు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒక్క నిమిషం నీడ లేకుండా కాగేది అదే. ఐదంగుళాల కాంక్రీటు వేడిని ఆపలేదు. మా తాతల నాటి మట్టి మిద్దెలు చల్లగా ఉండేవి. దూలాలు, వాసాలు, వాటిమీద నాపరాళ్లు, పైన మందంగా చవుడు. ఆ బరువు, ఆ మట్టి, ఏటేటా చవుడు పొయ్యటం ఇప్పుడు ఎవరికీ సాగే పని కాదు. కాని అందులోని కిటుకు, కప్పు మీద ఇంకో పొర ఉండాలన్నది, మనం తీసుకోవచ్చు. కేరళలో స్థిరపడ్డ లారీ బేకర్ స్లాబు పోసేటప్పుడు కింది భాగంలో కాంక్రీటు పెద్దగా పని చెయ్యని చోట్ల పాత పెంకులు అమర్చేవారు. సిమెంటు, ఇనుము తగ్గుతాయి, పెంకుల నడుమ చిక్కిన గాలి వేడిని కొంత ఆపుతుంది. 1917లో ఇంగ్లండులో పుట్టి 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆయన, ఊళ్లో దొరికే వస్తువుతో, ఊళ్లో మేస్త్రీతో కట్టడం ఎలాగో జీవితమంతా చూపించారు. ఈ రకం స్లాబుకు సెంట్రింగ్ దగ్గర నిలబడి చూసుకునే ఇంజినీరు కావాలి. ఆయన లేకుండా విన్నది విన్నట్టు చెయ్యించవద్దు.

అదేమీ కుదరకపోయినా, సున్నం కుదురుతుంది. పిడుగురాళ్ల సున్నం రాష్ట్రమంతా పోతుంది, మన దగ్గర మాత్రం డాబాలు నల్లగా నాచు పట్టి ఉంటాయి. వేసవికి ముందే డాబా శుభ్రంగా కడిగి రెండు మూడు పూతలు వెల్ల వేస్తే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశానికే పోతుంది, కింద గదిలో తేడా ఆ రాత్రే తెలుస్తుంది. వానలకు పోతుంది, మళ్లీ ఏడు మళ్లీ వెయ్యాలి. ఖర్చు పెట్టగలిగినవాళ్లకు తెల్లటి కూల్ టైల్స్ ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. రెంటచింతల ఉన్న జిల్లాలో మనకు ఆ పట్టుదల ఇంకా ఎక్కువ ఉండాలి.

సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉంటే దాన్నీ ప్లాను రోజే గీయాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల డాబా కావాలి. పలకలు దక్షిణానికి వాలుతాయి. వాటికి దక్షిణాన మెట్లగది, ట్యాంకు ఎత్తుగా ఉంటే చలికాలంలో నీడ పడి కరెంటు తగ్గుతుంది. అందుకని వాటి మధ్య ఎడం చూసుకొని, పలకలు పడకగదుల మీద వచ్చేట్టు పెట్టించుకుంటే కరెంటూ వస్తుంది, స్లాబుకు నీడా వస్తుంది.

ఇంతవరకూ ఎండను కొలిచాం. ఇక మనుషుల్ని కొలవాలి. కాగితం మీద గది ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది. పది బై పదకొండు అని రాసి ఉంటే ఇంటివాళ్లు సరేనంటారు. అందుకని నేను ఎవరికైనా చెప్పేది ఇది. పునాదికి ముగ్గు పోసేదాకా ఆగవద్దు. అంతకు ముందే ఒక సాయంత్రం, స్థలంలోనే, కొబ్బరి తాళ్లు, మేకులు, కాస్త ముగ్గుపిండి తీసుకొని ప్లానులో ఉన్న ఇంటిని ఉన్న కొలతలతో నేలమీద గీయండి. తలుపుల దగ్గర గీత ఆపండి. తరువాత ఇంటిల్లిపాదీ అందులో తిరగండి. ఒక నులక మంచం తెచ్చి వెయ్యండి. బీరువా ఉండే చోట ఇటుకలు పేర్చండి.

మొన్నామధ్య ఇలాగే ఓ ఇంటివాళ్లతో కలిసి గీశాం. పడకగది పది బై పదకొండు. దక్షిణపు గోడకు తల పెట్టి ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచం వేస్తే కాళ్ల దగ్గర నాలుగున్నర అడుగులు మిగిలింది. ఎదురుగోడకు బీరువా. అది ఓ ఇరవై అంగుళాలు తింటుంది. మిగిలింది మూడడుగులు కూడా లేదు. బీరువా తలుపు తీస్తే ఇంకో అడుగున్నర పోయింది. ఆ ఇంటి కోడలు ఆ గీతల మధ్య నిలబడి బీరువా తీస్తున్నట్టు చెయ్యి చాచి, "అత్తయ్యా, నేను చీర తీసుకుంటుంటే మీరు బాత్‌రూముకు పోవాలంటే మంచం మీదెక్కి పోవాల్సిందే" అంది. పెద్దావిడ అటు చూసి, "బీరువా ఎందుకమ్మా అక్కడ, ఆ పడమటి గోడలోకి తోసెయ్యండి" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది. పడమటి గోడ వెంబడి రెండడుగుల లోతు అలమర కట్టాం. ఎండ గోడకు అడ్డమూ అయింది, నడిచేందుకు దారీ మిగిలింది. కాగితం మీద నెల రోజులు చూసినా తేలని సంగతి నేలమీద పదినిమిషాల్లో తేలింది. మార్చడానికి అయిన ఖర్చు గుప్పెడు ముగ్గు.

ఆ గీతల్లో తిరిగేటప్పుడు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని తిరగండి. మన ఇళ్లలో అన్నిటికన్నా ఇరుకైన తలుపు బాత్‌రూముది. రెండున్నర అడుగుల దర్వాజా పెడతారు. చెక్క మందం పోను లోపల రెండడుగుల చిల్లర మిగులుతుంది. చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఐదు అంగుళాల పైనే ఉంటుంది. అంటే అవసరం పడ్డ రోజు ఆ కుర్చీ లోపలికి పోదు. ఆ రోజు గోడ పగలగొట్టడం కంటే ఇప్పుడే మూడడుగుల తలుపు పెట్టడం మేలు. ఆ తలుపు బయటికి తెరుచుకునేట్టు ఉండాలి. లోపల జారిపడ్డ మనిషి తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తెరిచే తలుపు తీయలేం. కమోడు పక్క గోడలో చేతిపట్టు బిగించేందుకు ఇటుకకు బదులు కాస్త కాంక్రీటు పోయించండి. పట్టు తరువాత ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

బేస్‌మెంట్ ఎత్తు గురించి మన పల్నాటి ఊళ్లలో ఒక పోటీ ఉంది. పక్కింటివాళ్లు రెండున్నర అడుగులు లేపితే మనం మూడున్నర. రోడ్డు ఎత్తు పెరుగుతుంది కాబట్టి కొంత లేపాలి, నిజమే. కాని ఒక లెక్క వినండి. చక్రాల కుర్చీ క్షేమంగా ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కావాలి. రెండడుగుల బేస్‌మెంటుకు ఇరవై నాలుగు అడుగులు. మూడున్నరకు నలభై రెండు. స్థలమే అంత పొడవుండదు. ఇప్పుడు వాలు కట్టకపోయినా ఒక పక్క గోడ వెంబడి మూడున్నర అడుగుల సందు ఖాళీగా వదిలి ఉంచండి. ఒక పడకగది, ఒక బాత్‌రూము కింది అంతస్తులోనే ఉండాలన్నది నా దృష్టిలో ఏ వాస్తు సూత్రానికీ తీసిపోని సూత్రం.

వంటగది. ఆగ్నేయంలో పెట్టడం ఈ ఎండకు సరిగ్గా సరిపోయే అలవాటు. పొద్దుటి ఎండ తూర్పు కిటికీలోంచి వస్తుంది, సాయంత్రపు ఎండ అంటదు. తేడా వచ్చేది గట్టు ఎత్తు దగ్గర. మేస్త్రీ తన అలవాటు కొద్దీ ఒకే ఎత్తు కట్టేస్తాడు. నిలబడి చెయ్యి మడిస్తే మోచెయ్యి ఎంత ఎత్తుకు వస్తుందో దానికి నాలుగైదు అంగుళాలు కిందకు గట్టు ఉంటే నడుము నొప్పి రాదు. ఎత్తు కొలవాల్సింది వంట చేసే మనిషిది, ఇల్లు కట్టించే మనిషిది కాదు. ఇద్దరు చేస్తారంటే పొయ్యి గట్టు ఒక ఎత్తు, సింకు గట్టు ఇంకో ఎత్తు కట్టండి. పెరటి వైపు అంట్లు తోమే చోటు, దానికి నీడ, పంపు. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టే డాబా దాకా బరువుతో ఎక్కగలిగే మెట్లు. మెట్టు ఎత్తు ఆరేడు అంగుళాలు దాటకూడదు, కాలు పెట్టే వెడల్పు పది అంగుళాలకు తగ్గకూడదు.

ఇందాక కంసాలి ఇంటి మాట చెప్పాను. మన దగ్గర ఇల్లు కట్టుకునేవాళ్లలో మిరప, పత్తి వేసే రైతులున్నారు. వాళ్ల ప్లానులో కూడా హాలు, డైనింగు, పోర్టికో ఉంటాయి. మిర్చి టిక్కీలు ఎక్కడ పెడతారు? స్ప్రేయర్ ఎక్కడ? పురుగుమందు డబ్బాలు ఎక్కడ? గది లేకపోతే అవి మెట్ల కిందికీ, ఒక్కోసారి వంటగది అటక మీదికీ చేరతాయి. ఇది నాకు నిద్ర పట్టనివ్వని విషయం. పిల్లలు తిరిగే ఇల్లది. బయటినుంచే తలుపు ఉండి, తాళం పడే, గాలి ఆడే చిన్న గది ఒకటి ఇంటికి దూరంగా, కాంపౌండు గోడకు ఆనించి గీయండి. దాని పక్కనే ఒక పంపు. పొలంనుంచి వచ్చిన మనిషి కాళ్లు, చేతులు, బట్టలు అక్కడే కడుక్కొని లోపలికి రావాలి. సాగర్‌లో చేపలు పట్టే ఇంటికి వలలు ఆరేసుకునే పెరడు కావాలి. కుట్టుమిషను పెట్టుకునే అమ్మాయికి ఉత్తరపు కిటికీ కావాలి, అక్కడ వెలుతురు చాలావరకు నిలకడగా ఉంటుంది.

నేల గురించి చెప్పకుండా ఉండలేను. మాచర్ల కిందుగా నల్లరేగడి ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అక్కడ పునాదికి ప్రత్యేకమైన పద్ధతులున్నాయి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అలాంటి నేలకోసమే అడుగున గంటలా వెడల్పయ్యే పైల్స్ రూపొందించింది. విజయపురి సౌత్‌లో సమస్య తిరగేసి ఉంటుంది. ఇక్కడ కాస్త తవ్వితే బండ. బండ గట్టిదేగదా అని ధైర్యపడతారు. స్థలం వాలుగా ఉంటే సగం ఇల్లు బండమీద, సగం ఇల్లు పోసిన మట్టిమీద పడుతుంది. బండ కదలదు, పోసిన మట్టి కుంగుతుంది. రెండూ కలిసే చోట గోడ నిలువునా పగులుతుంది. కాబట్టి పల్లం వైపు పునాది కూడా అసలు నేల దొరికేదాకా దించాల్సిందే. గరుసు పోసి దిమ్మిసా కొట్టి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు.

రాతి నేలలో ఇంకో చిక్కు సెప్టిక్ ట్యాంకు నీళ్లు. ఇంకుడు గుంత తవ్వితే నీళ్లు ఇంకవు. గుంత తవ్వించిన రోజే నిండా నీళ్లు పోసి మర్నాడు చూడండి. నీళ్లు అలాగే ఉంటే ఆ గుంత మీకు పనికిరాదు. పెరట్లో మట్టి ఉన్న మేర పొడవుగా కంకర కాలువ వేసి అరటి, కొబ్బరి మొక్కల వైపు మళ్లించుకోవాలి. నాగార్జునకొండ తవ్వకాల్లో స్నానపు తొట్లు, నీళ్లు పోయే మూసిన కాలువలు బయటపడ్డాయి. అదే రాతినేలలో ఆనాటివాళ్లు తాము వాడిన నీరు ఎటు పోవాలో ముందే ఆలోచించుకున్నారు. మనం బాత్‌రూము టైల్స్ రంగు ముందు ఎంచుకొని నీళ్ల దారి చివర చూస్తున్నాం. వాననీటి లెక్క కూడా వెయ్యండి. వంద గజాల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎనిమిది వందల లీటర్లకు పైగా నీళ్లు. పక్కనే సాగర్ నిండుగా ఉన్నా మే నెలలో మన కుళాయి సంగతి మనకు తెలుసు. సంపు కట్టేటప్పుడే డాబా పైపు ఒకటి వడపోత మీదుగా దాంట్లోకి తిప్పండి.

మన ఊళ్లో స్థలం కొనేముందు ప్రాజెక్టు భూమి ఎంతవరకో, పట్టా ఎక్కడనుంచో కాగితాలు సరిచూసుకోవడం, పంచాయతీ అనుమతి, ఇవి ఎలాగూ తెలిసినవే. అడవి అంచు ఊరు కనుక కోతుల సంగతి మరువకండి. ట్యాంకు మూత బిగించేది ఉండాలి, కిటికీలకు గట్టి జాలీ, కాలువ మూతులకు ఇనప వల. ఆ వల లేకపోతే వానాకాలం తేళ్లు, పాములు లోపలికి వస్తాయి.

చివరిగా ఒక పని, డబ్బు ఖర్చు లేనిది. గోడలకు గాడి కొట్టి కరెంటు పైపులు, నీళ్ల పైపులు వేసిన తరువాత, ప్లాస్టరింగ్ మొదలుకాకముందు, ప్రతి గదిలో నాలుగు గోడలకూ టేపు ఆనించి పట్టుకొని ఫోటోలు తీయండి. టేపు అంకెలు ఫోటోలో కనపడాలి. గదివారీగా పేర్లు రాసి ఫోన్‌లోనే కాక ఒక కాపీ కాగితం మీద ముద్రించి, ఇంటి దస్తావేజుల సంచిలో, మీరు ముగ్గుతో సరిచేసుకున్న చివరి ప్లానుతోపాటు పెట్టండి. రేపు ఏసీ బిగించేవాడు, పైపు బాగుచేసేవాడు ఎక్కడ చిల్లు పెట్టాలో అడిగితే ఆ కాగితం చూపించవచ్చు. ప్లాస్టరింగ్ మేస్త్రీ పనిలోకి దిగే రోజు పొద్దునే ఈ పని పూర్తయిందో లేదో చూసుకోండి.